ఎడమ ఇండికేటర్ వేస్తే ట్రైలర్ మొత్తం కొట్టుకుంటోంది! బ్రేకూ ఇండికేటరూ ఒకే బల్బులో ఎలా?

ఫ్రిస్కో_చందు | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఉద్యోగం సాఫ్ట్‌వేర్. కరెంటు పనిలో నా అనుభవమంతా ఇంటర్‌లో చదివిన ఓమ్స్ లా, ఇంట్లో మార్చిన రెండు స్విచ్‌లు.

మా కమ్యూనిటీ వినాయక చవితికి ఈసారి విగ్రహం తెచ్చే పని నా నెత్తిన పడింది. నాలుగడుగుల మట్టి వినాయకుడు, పీట, పందిరి పైపులు. అద్దె ట్రక్కు ఎందుకులే, తర్వాత కూడా పనికొస్తుందని ఒకాయన దగ్గర పాత ట్రైలర్ కొన్నాను. 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. బండికి హిచ్ (వెనక ట్రైలర్ తగిలించే బంతి బిగింపు) ఉంది కానీ లైట్ల వైరింగ్ లేదు.

ట్రైలర్ ముందు నాలుగు తీగల చదును కనెక్టర్ వేలాడుతోంది. తెలుపు ఎర్త్, గోధుమ టెయిల్ లైట్లు, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. మరి బ్రేక్ తీగ ఏది? లేదు! పసుపు, ఆకుపచ్చల్లోనే బ్రేక్ కూడా రావాలట. నా బండి జపాన్ ఎస్‌యూవీ. వెనక బ్రేక్ ఎర్ర లైటు వేరు, ఇండికేటర్ నారింజ లైటు వేరు.

కలపమన్నారు కదా అని కలిపేశాను. బండి ఎడమ ఇండికేటర్ తీగ, బ్రేక్ తీగ కలిపి పసుపుకి. కుడి ఇండికేటర్ తీగ, అదే బ్రేక్ తీగ కలిపి ఆకుపచ్చకి. ఇప్పుడు ఎడమ ఇండికేటర్ వేస్తే ట్రైలర్‌కి రెండు పక్కలా కొట్టుకుంటోంది. బండి బ్రేక్ లైట్లు కొట్టుకుంటున్నాయి. వెనక అద్దం పైన ఉండే మూడో బ్రేక్ లైటు కూడా కొట్టుకుంటోంది. మా అమ్మాయి చూసి చవితి సీరియల్ సెట్ అనుకుంది.

శనివారం పొద్దున విగ్రహం తేవాలి. కాపాడండి.

షార్ట్‌కట్_సీను | ఆదివారం రాత్రి 9:40

సింపుల్ బ్రో. నాలుగు డయోడ్లు కొను. ఒక్కో తీగకి ఒక్కోటి సిరీస్‌లో పెట్టు. కరెంటు ఒకవైపే పోతుంది, వెనక్కి రాదు. నేను 1ఎన్4007 వాడాను, డబ్బాడు వస్తాయి, చవక. నా ట్రైలర్ రెండేళ్ళుగా అలాగే తిరుగుతోంది, నో ప్రాబ్లం.

గ్యారేజీ_మావయ్య | ఆదివారం రాత్రి 10:25

చందూ, ముందు ఆ అతుకులన్నీ విప్పెయ్, ఈ రాత్రే. కొత్త బళ్ళలో లైట్లను నడిపేది కంప్యూటర్ డబ్బా. దాని ఒక అవుట్‌పుట్‌లోకి ఇంకో అవుట్‌పుట్ కరెంటు ఎదురుపోతే అది ఊరుకుంటే నీ అదృష్టం, లేదంటే డబ్బా మార్చుకోవాలి.

నీకు జరిగింది ఇది. బ్రేక్ తీగని పసుపుకీ ఆకుపచ్చకీ రెండింటికీ కట్టావు. అంటే ఆ మూడూ ఇప్పుడు ఒకే తీగ. ఎడమ ఇండికేటర్ కరెంటు పసుపులోకి వచ్చింది, అక్కణ్ణుంచి బ్రేక్ తీగలోకి, అక్కణ్ణుంచి ఆకుపచ్చలోకి పోయింది. దారిలో మూడో బ్రేక్ లైటునీ పలకరించింది.

సీనూ, నీ డయోడ్ ఆ వెనక్కి పోవడాన్ని ఆపుతుంది, ఒప్పుకుంటాను. కానీ అసలు జబ్బు అది కాదు. ఇండికేటర్ వేసి, బ్రేక్ మీద కాలు పెట్టి, ఎవరినైనా వెనక నిలబెట్టి చూడమన్నావా ఎప్పుడైనా?

బ్రేక్ నొక్కినంతసేపూ ఆ బల్బుకి కరెంటు ఆగకుండా వస్తూనే ఉంటుంది. దాని మీద ఇండికేటర్ వచ్చి పోతుంటే ఏం తేడా? వెలిగే దీపం వెలుగుతూనే ఉంటుంది. మినుకుమనాలంటే మధ్యలో ఆరాలి, ఆర్పేవాడు లేడు. జనం మలుపు తిరిగేటప్పుడే బ్రేక్ నొక్కుతారు. అంటే ఇండికేటర్ ఎప్పుడు అవసరమో సరిగ్గా అప్పుడే కనబడదు.

ఇంకోటి. 1ఎన్4007 ఒక ఆంపియర్ డయోడ్. ట్రైలర్‌లో ఉండే 1157 బల్బు పెద్ద ఫిలమెంట్ 2.1 ఆంపియర్లు లాగుతుంది. నీ డయోడ్లు రెండేళ్ళు బతికాయంటే నీ ట్రైలర్‌కి ఎల్‌ఈడీ లైట్లు ఉండి ఉండాలి.

షార్ట్‌కట్_సీను | ఆదివారం రాత్రి 10:31

ఎల్‌ఈడీలే. అయినా వర్క్ అవుతోంది కదా సార్.

మెల్బోర్న్_రాణి | సోమవారం ఉదయం 6:05

ఈ గోల అమెరికాలోనే. మా ఆస్ట్రేలియా ట్రైలర్లకి ఏడు పిన్నుల ప్లగ్గు. పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి, ఎరుపు బ్రేక్ లైటు, గోధుమ టెయిల్, తెలుపు ఎర్త్, నీలం ట్రైలర్ బ్రేకులకి, నలుపు రివర్స్ లైటుకి. ఇండికేటర్ నారింజ రంగులోనే ఉండాలి. బండిలో ఏ తీగో ట్రైలర్‌లో అదే తీగ, నేరుగా. నేను క్యారవాన్‌కి ఒక్కదాన్నే మధ్యాహ్నం కూర్చుని చేసేశాను.

ఎర్రదే మినుకుమంటే అది బ్రేకో మలుపో వెనక వాడికి ఎలా తెలుస్తుందండీ?

గ్యారేజీ_మావయ్య | సోమవారం ఉదయం 8:15

రాణి గారూ, మంచి ప్రశ్న. ముప్పై ఏళ్ళు అమెరికా కార్ల కంపెనీల ఊరు డెట్రాయిట్‌లో ఇదే పని చేశాను కాబట్టి కాస్త సాగదీస్తాను, కాఫీ పెట్టుకోండి.

అమెరికా లైట్ల రూలు ఎఫ్‌ఎమ్‌వీఎస్‌ఎస్ 108. వెనక ఇండికేటర్ ఎరుపైనా నారింజైనా ఫరవాలేదంటుంది అది. ఎరుపు ఒప్పుకున్నప్పుడు బ్రేక్ బల్బునే మినుకుమనిపిస్తే ఒక బల్బు మిగులు, ఒక తీగ మిగులు. పాత డెట్రాయిట్ బళ్ళు చాలావరకు అలా వచ్చినవే. ఇప్పటికీ ఇక్కడి పికప్ ట్రక్కుల్లో చాలావాటికి అంతే. ట్రైలర్లూ ఆ బళ్ళని చూసే పుట్టాయి, అందుకే నాలుగు తీగలు.

ఆ పాత బళ్ళలో చమత్కారమంతా స్టీరింగ్ కింద ఉండే ఇండికేటర్ స్విచ్‌లో ఉంటుంది. బ్రేక్ పెడల్ తీగ వెనక్కి తిన్నగా పోదు. ముందు స్టీరింగ్ కాలమ్‌లోకి ఎక్కుతుంది. జనరల్ మోటార్స్ పాత కాలమ్‌లలో అది తెల్ల తీగ. ఫ్లాషర్ (ఇండికేటర్‌ని మినుకుమనిపించే పరికరం) నుంచి వచ్చేది ఊదా తీగ. వెనక ఎడమ బల్బుకి పోయేది పసుపు, వెనక కుడికి ముదురు ఆకుపచ్చ. ట్రైలర్ కనెక్టర్ రంగులు చూడండి, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. చుట్టరికం కనబడుతోందా?

లివర్ మధ్యలో ఉంటే తెల్ల తీగ పసుపుకీ ఆకుపచ్చకీ రెండింటికీ అంటుకుని ఉంటుంది, బ్రేక్ నొక్కితే రెండు పక్కలా వెలుగుతుంది. లివర్ ఎడమకి తోస్తే స్విచ్ లోపలి ఇత్తడి ముక్క జరిగి, పసుపు తీగని తెల్ల తీగ నుంచి విడదీసి ఊదా తీగకి అంటిస్తుంది. ఎడమ బల్బుకి ఇక బ్రేక్‌తో సంబంధం లేదు, ఫ్లాషర్ చెప్పినట్టు ఆడుతుంది. కుడి బల్బు బ్రేక్‌గా వెలుగుతూనే ఉంటుంది. రెండు తీగల్ని కలపడం కాదు, ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టుకోవడం. చందూ చేసిన పొరపాటు అంతా ఇక్కడే.

మూడో బ్రేక్ లైటు 1986 మోడల్ కార్ల నుంచి, 1994 మోడల్ పికప్‌లు, వ్యాన్‌ల నుంచి ఇక్కడ తప్పనిసరి. ఆ తీగ మాత్రం ఈ స్విచ్ దగ్గరికి పోకుండా పెడల్ స్విచ్ నుంచి నేరుగా వెళ్తుంది, లేకపోతే అదీ మినుకుమంటుంది.

ఇక మీ ప్రశ్న. వెనక వాడికి తెలుస్తుందా అంటే, తక్కువే తెలుస్తుంది. ఇక్కడి రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2009లో లెక్కలు తీసింది. ముందు బండి మలుపు తిరిగే సందర్భాల్లో వెనక నుంచి గుద్దే ప్రమాదాలు నారింజ ఇండికేటర్లున్న బళ్ళకి 5.3 శాతం తక్కువ అని తేలింది. అయినా రూలు మార్చలేదు.

మెల్బోర్న్_రాణి | సోమవారం ఉదయం 8:52

కాఫీ అయిపోయింది మావయ్య గారూ, కానీ ఇంత బాగా ఎవరూ చెప్పలేదు 🙂

కొలంబస్_కిరణ్ | సోమవారం ఉదయం 11:20

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నా దగ్గర 90ల నాటి పికప్ ఉంది, మావయ్య గారు చెప్పిన ఎర్ర మినుకు రకమే. ట్రైలర్ కనెక్టర్ నేరుగా కట్టాను, ఏ డబ్బా లేకుండా పనిచేస్తోంది. కానీ వెనకా ముందూ బల్బులు ఎల్‌ఈడీకి మార్చాక, ట్రైలర్ లేనప్పుడు ఇండికేటర్ వేస్తే వెలిగి అలాగే ఉండిపోతోంది, మినుకుమనడం లేదు. ట్రైలర్ తగిలిస్తే మాత్రం బాగానే కొట్టుకుంటోంది. ఇదేం వింత?

గ్యారేజీ_మావయ్య | సోమవారం మధ్యాహ్నం 12:05

వింతేమీ లేదు. నీ బండిలో వేడి ఫ్లాషర్ ఉంది. బల్బుల కరెంటుకి అందులోని రేకు వేడెక్కి వంగుతుంది, కాంటాక్ట్ తెగుతుంది, చల్లారి మళ్ళీ అంటుకుంటుంది. టిక్కు టిక్కు అనేది ఆ రేకే. ఎల్‌ఈడీ లాగే కరెంటుకి రేకు వేడెక్కదు. ట్రైలర్ తగిలించినప్పుడు దాని ఫిలమెంట్ బల్బు ఆ వేడి ఇస్తోంది.

ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ కొని మార్చు, ఎల్‌ఈడీకి సరిపోయేది అని రాసి ఉండాలి. రెసిస్టర్లు పెట్టమని ఎవరైనా చెబితే వద్దను. 6 ఓమ్స్ రెసిస్టర్ 12 వోల్టుల మీద 24 వాట్ల వేడి పుట్టిస్తుంది. ప్లాస్టిక్ పక్కన దాన్ని బిగించి పడుకోగలవా?

వేదిక_నిర్వాహకుడు | సోమవారం మధ్యాహ్నం 1:30

విగ్రహం మట్టిదా ప్లాస్టర్‌దా, నిమజ్జనం చెరువులోనా బకెట్‌లోనా అన్న 14 పోస్టులు పండగల విభాగానికి తరలించాను. ఇక్కడ తీగల గురించే మాట్లాడండి.

ఆటోనగర్_వైర్‌మ్యాన్ | సోమవారం రాత్రి 10:10

అందరికీ నమస్కారం సార్. మాది విజయవాడ ఆటోనగర్. లారీలు, ట్రాక్టర్ ట్రక్కులు, బస్సుల వైరింగ్ చేస్తాను, 22 ఏళ్ళుగా ఇదే పని. అమెరికా ట్రైలర్ నేనెప్పుడూ చూడలేదు. మన దగ్గర ట్రాక్టర్ వెనక ట్రక్కుకి గుండ్రటి ఏడు పిన్నుల సాకెట్టు. ఒకటో పిన్ను ఎడమ ఇండికేటర్, నాలుగు కుడి, ఆరు బ్రేకు, మూడు ఎర్తు, ఐదూ ఏడూ కుడి ఎడమ టెయిల్ లైట్లు. అన్నీ వేరువేరు. ఒకే బల్బులో బ్రేకూ ఇండికేటరూ పెట్టమంటే మా మేస్త్రి రెంచీతో కొట్టేవాడు.

కానీ రాత్రంతా ఇది బుర్రలో తిరిగింది సార్. మావయ్య గారు చెప్పిన స్విచ్ పాత బండి స్టీరింగ్‌లో ఉంది. చందు గారి బండికి అది లేదు, తీగలు మూడూ వేరేవేరేగా బయటికి వస్తాయి. వాటితో ఆ స్విచ్ పని బయట చేయించాలి. నాకు తట్టింది చెబుతాను, తప్పైతే దిద్దండి.

ఇది మెట్ల లైటు కదా!

ఇంట్లో మెట్ల కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్. ఏది నొక్కినా లైటు మారుతుంది. కింద వేసి పైకెళ్ళి ఆర్పచ్చు. వెలుగుతున్న దాన్ని ఇంకో స్విచ్ ఆర్పుతుంది, ఆరిన దాన్ని వెలిగిస్తుంది. బ్రేక్‌ని కింది స్విచ్ అనుకోండి, ఇండికేటర్‌ని పైది అనుకోండి. బ్రేక్ ఒక్కటే నొక్కితే లైటు వెలుగుతుంది. ఇండికేటర్ ఒక్కటే వేస్తే వెలిగి ఆరుతుంది. బ్రేక్ నొక్కి ఉండగా ఇండికేటర్ వేస్తే, వెలుగుతున్న లైటు ప్రతి కొట్టుడికీ ఆరి మళ్ళీ వెలుగుతుంది. అదే కదా కావాల్సింది?

స్విచ్‌ల బదులు ఐదు కాళ్ళ రిలేలు, 30, 85, 86, 87, 87ఏ ఉండేవి. రిలే అంటే కాయిల్‌కి కరెంటిస్తే మారే స్విచ్. 85, 86 కాయిల్ కాళ్ళు. కాయిల్‌కి కరెంటు లేనప్పుడు 30 కాలు 87ఏకి అంటుకుని ఉంటుంది, ఇస్తే 87కి మారుతుంది. ఒక్కో పక్కకి రెండు, మొత్తం నాలుగు.

మొదటి రిలే కాయిల్‌కి ఇండికేటర్ తీగ, రెండో రిలే కాయిల్‌కి బ్రేక్ తీగ. కాయిళ్ళ రెండో కాలు ఎర్తు. మొదటి రిలే 30కి ఫ్యూజు మీదుగా బ్యాటరీ ప్లస్. రెండో రిలే 30 నుంచి బల్బుకి. మధ్యలో రెండు తీగలు, అడ్డంగా మార్చి కట్టాలి: మొదటిదాని 87 నుంచి రెండోదాని 87ఏకి, మొదటిదాని 87ఏ నుంచి రెండోదాని 87కి. మార్చకుండా తిన్నగా కడితే ఏమీ నొక్కకపోయినా బల్బు వెలుగుతుంది, బ్రేక్ నొక్కితే ఆరుతుంది. మెట్ల లైటులో ఎలా ఉన్నా పోతుంది, ఇక్కడ పోదు.

గ్యారేజీ_మావయ్య | సోమవారం రాత్రి 11:02

తమ్ముడూ, లేచి నిలబడి దండం పెడుతున్నాను. మేం దీన్ని ఎక్స్‌క్లూజివ్ ఆర్ (రెండిట్లో ఏదో ఒక్కటే ఉంటే వెలగడం) అంటాం, దాని కోసం బోర్డు మీద గేట్లు గీస్తాం. నువ్వు మెట్లెక్కి దిగి చెప్పేశావు. బజారులో దొరికే టెయిల్‌లైట్ కన్వర్టర్ డబ్బాలు చేసే పని సరిగ్గా ఇదే, రిలేల బదులు ట్రాన్సిస్టర్లు.

ఒక్క చిన్న చేర్పు. రిలే కాయిల్ ఆగినప్పుడల్లా వోల్టేజీ ఎదురు తంతుంది, అది చందు బండి కంప్యూటర్‌కి మంచిది కాదు. ప్రతి కాయిల్‌కీ అడ్డంగా ఒక డయోడ్ పెట్టాలి, గీత ఉన్న వైపు ప్లస్‌కి. సీనూ, నీ 1ఎన్4007కి ఇక్కడ ఉద్యోగం దొరికింది.

షార్ట్‌కట్_సీను | సోమవారం రాత్రి 11:08

😄 జీతం ఎంత సార్

ఫ్రిస్కో_చందు | సోమవారం రాత్రి 11:45

నాకు ఇప్పుడు అర్థమైంది! కోడ్‌లో రోజూ రాసేది ఇదే, తీగల్లో గుర్తుపట్టలేదు. వైర్‌మ్యాన్ అన్నా, మీ పోస్టు ప్రింట్ తీసి గ్యారేజీలో అంటించాను.

కానీ శనివారం లోపల రిలేలు కట్టే ధైర్యం లేదు. కన్వర్టర్ డబ్బా కొంటాను. షాపులో రెండు రకాలున్నాయి: ఒకటి చవక, ఇంకోటి బ్యాటరీ నుంచి సొంత తీగ ఉన్నది, దాదాపు మూడింతల ధర. తేడా ఏంటి?

గ్యారేజీ_మావయ్య | మంగళవారం ఉదయం 7:30

చవకది ట్రైలర్ బల్బులకి కావాల్సిన కరెంటంతా నీ బండి లైట్ల తీగల నుంచే లాగుతుంది. పాత బళ్ళకి సరిపోతుంది. కొత్త బండి కంప్యూటర్ తన లైటు ఎంత కరెంటు లాగాలో లెక్క పెట్టుకుని ఉంటుంది, ఎక్కువైతే ఆ లైటు కట్ చేసేస్తుంది. రెండో రకం బండి తీగల నుంచి కబురు మాత్రమే తీసుకుంటుంది, బల్బులకి కరెంటు బ్యాటరీ నుంచి ఇస్తుంది. నీకు రెండోదే.

బ్యాటరీ తీగకి ఫ్యూజు తప్పనిసరి. ఎంతదో డబ్బా మీద రాసి ఉంటుంది, మామూలుగా 10 లేదా 15. ఆ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలో ఉండాలి, డబ్బా దగ్గర కాదు. తీగ దారిలో ఎక్కడైనా రాసుకుని బాడీకి తగిలితే కాలిపోయేది తీగ కాకూడదు, ఫ్యూజు కావాలి. పని అంతా అయ్యాక చివర్లో ఫ్యూజు పెట్టు.

కొన్ని బళ్ళలో టెయిల్ లైటూ బ్రేక్ లైటూ ఒకే ఎల్‌ఈడీ. టెయిల్‌కి మసకగా కనబడ్డానికి బండి ఆ తీగని సెకనుకి వందసార్లు ఆర్పి వెలిగిస్తుంటుంది. ఆ పద్ధతినే పీడబ్ల్యూఎమ్ అంటారు. నీది అదైతే పీడబ్ల్యూఎమ్‌కి సరిపోతుందని రాసిన డబ్బా తీసుకో, లేదంటే ట్రైలర్ లైట్లు వణుకుతాయి.

తీగల అతుకులకి ఆ నీలం రంగు ప్లాస్టిక్ క్లిప్పులు, నొక్కితే తీగని కొరికి పట్టుకునేవి, వాడకు. మా మిషిగన్‌లో చలికాలం రోడ్డు ఉప్పుకి అవి రెండేళ్ళలో పచ్చగా తుప్పుపడతాయి. నీది టెక్సాస్ కాబట్టి ఇంకో ఏడాది ఎక్కువ పనిచేస్తాయి, అంతే.

ఆటోనగర్_వైర్‌మ్యాన్ | మంగళవారం రాత్రి 9:20

టంకం వేసి, వేడికి ముడుచుకునే ట్యూబ్ తొడగండి చందు గారూ. ట్యూబ్‌ని టంకం వేసే ముందే తీగలోకి ఎక్కించుకోండి. 22 ఏళ్ళ తర్వాత కూడా వారానికోసారి మర్చిపోయి మళ్ళీ విప్పుతుంటాను.

ఇవాళ షాపులో పాత బ్యాటరీ, నాలుగు రిలేలు, 21/5 డబుల్ ఫిలమెంట్ బల్బులు రెండు బల్ల మీద పెట్టి కట్టాను. బ్రేక్ తీగకి ఒక బెల్లు స్విచ్, ఇండికేటర్‌కి లారీ ఫ్లాషర్. మొదటిసారి అడ్డం తీగలు ఒక పక్కకి మర్చిపోయాను, కుడి బల్బు ఊరికే వెలుగుతూ కూర్చుంది. మార్చాక బ్రహ్మాండంగా ఆడుతోంది. టీ కుర్రాడు బ్రేక్ నొక్కుతూ ఆడుకుంటున్నాడు.

ఫ్రిస్కో_చందు | బుధవారం రాత్రి 10:55

డబ్బా బిగించాను. కొత్త టెన్షన్.

బ్రేక్ ఒక్కటీ సరిగ్గా వెలుగుతోంది. ఇండికేటర్ ఒక్కటీ సరే. బ్రేక్ నొక్కి ఎడమ వేస్తే మినుకుమంటోంది. కానీ బండి నారింజ లైటు వెలిగినప్పుడు ట్రైలర్ ఎర్ర లైటు ఆరుతోంది, అది ఆరినప్పుడు ఇది వెలుగుతోంది. ఉల్టా. డబ్బా చెడిపోయిందా?

ఇదొకటి కాదు. హెడ్ లైట్లు వేసినప్పుడు ఎడమ ఇండికేటర్ వేస్తే ట్రైలర్ టెయిల్ లైట్లు రెండూ మసకబారి వణుకుతున్నాయి. కుడి పక్క బల్బు కూడా కాస్త మెరుస్తోంది. హెడ్ లైట్లు ఆపితే ఏ గొడవా లేదు.

కొలంబస్_కిరణ్ | బుధవారం రాత్రి 11:10

ఉల్టా సంగతి మెట్ల లైటు కదా బ్రో. వెలుగుతున్నదాన్ని ఇండికేటర్ వెలిగినప్పుడే ఆర్పుతుంది. వెనక వాడికి మినుకు కనబడితే చాలు, తాళం కలవక్కర్లేదు. (నా ఫ్లాషర్ మార్చాను, మావయ్య గారికి థాంక్స్.)

ఆటోనగర్_వైర్‌మ్యాన్ | గురువారం ఉదయం 7:00

రెండోది ఎర్తు. కళ్ళు మూసుకుని చెబుతాను, ఎర్తు.

ఒక బల్బులో రెండు ఫిలమెంట్లు, రెండింటికీ ఎర్తు ఒక్కటే. ఎర్తు సరిగ్గా లేకపోతే కరెంటు ఊరుకోదు. హెడ్ లైట్లు వేసి ఉండగా ఎడమ ఇండికేటర్ కరెంటు కూడా తోడైతే బాడీ దారి చాలదు, టెయిల్ లైట్లకి అందే వోల్టేజీ తగ్గి మసకబారతాయి, పోలేని కరెంటు కుడి బల్బు ఫిలమెంటులోకి ఎదురు దూరుతుంది. అందుకే సంబంధం లేని బల్బు మెరుస్తోంది. మన లారీల్లో బ్రేక్ నొక్కితే టెయిల్ లైటు ఆరిపోయే కంప్లయింట్ పదింటిలో ఎనిమిది ఇదే.

తెల్ల తీగ ట్రైలర్ ఫ్రేముకి ఎక్కడ బిగించి ఉందో చూడండి. రంగు మీద బిగించి ఉంటుంది.

గ్యారేజీ_మావయ్య | గురువారం ఉదయం 7:45

తమ్ముడు చెప్పిందే. రుజువు కావాలంటే మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక పుల్ల బండి బ్యాటరీ మైనస్‌కి, ఇంకో పుల్ల ట్రైలర్ లైటు బిగించిన బోల్టుకి పెట్టు. పుల్ల తీగ చాలకపోతే మామూలు తీగతో పొడిగించు. లైట్లు వేసి, బ్రేక్ నొక్కి చూడు. పావు వోల్టు లోపు ఉండాలి.

చాలా పాత ట్రైలర్లు తెల్ల తీగని నమ్ముకోవు, హిచ్ బంతి మీద కూర్చున్న ఇనుమే ఎర్తు అనుకుంటాయి. ఆ బంతికి గ్రీజు పూస్తాం, రోడ్డు గతుకులకి అది ఎగురుతుంది. అది ఎర్తు అవుతుందా?

ఫ్రిస్కో_చందు | గురువారం రాత్రి 9:30

4.2 వోల్టులు!

తెల్ల తీగ ట్రైలర్ ముక్కు కింద ఒక మరకి చుట్టి ఉంది, నిజంగానే రంగు మీద. పైగా ఎవరో ఈ మధ్య నల్ల రంగు స్ప్రే కొట్టారు, మర మీద, తీగ మీద కూడా. మర విప్పితే కింద తుప్పు. ఎమరీ పేపర్‌తో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దాను. తీగ చివరకి రింగు టెర్మినల్ నొక్కి, పళ్ళున్న వాషర్ వేసి బిగించాను. పైన గ్రీజు పూశాను. రెండు లైట్ల హోల్డర్ల నుంచీ విడిగా తెల్ల తీగలు లాగి అదే మరకి తెచ్చాను, ఫ్రేముని నమ్మకుండా.

ఇప్పుడు 0.1 వోల్టు.

మా ఆవిడ వెనక కుర్చీ వేసుకుని కూర్చుంది, నేను బండిలో. లైట్లు ఆపి బ్రేక్, ఎడమ, కుడి, బ్రేక్ నొక్కి ఎడమ, బ్రేక్ నొక్కి కుడి. మళ్ళీ అదంతా హెడ్ లైట్లు వేసి. అన్నీ ఓకే అంది. అప్పుడు బ్రేక్ మీద కాలు ఉంచి హజార్డ్ వేశాను. రెండు పక్కలా మినుకు, మూడో బ్రేక్ లైటు కదలకుండా. పక్కింటాయన బయటికొచ్చి ఏమైందని అడిగాడు.

మెల్బోర్న్_రాణి | శుక్రవారం ఉదయం 6:15

చందూ, ఆ లిస్టు ఎక్కడైనా పైన పెట్టమ్మా. ఒక్కోటి విడివిడిగా చూసి బాగుందనుకుని రోడ్డెక్కేవాళ్ళే ఎక్కువ. రెండూ కలిపి నొక్కి ఎవరూ చూడరు.

ఆటోనగర్_వైర్‌మ్యాన్ | శుక్రవారం రాత్రి 8:40

కనెక్టర్ తగిలించాక తీగ నేలకి రాసుకోకుండా కట్టండి చందు గారూ. కానీ మరీ బిగువుగా కడితే మలుపులో లాగేస్తుంది. బండిని పూర్తిగా ఒక పక్కకి తిప్పి చూసుకుని, అప్పుడు కట్టండి. స్వామి వారిని కొబ్బరి తాడుతో కాకుండా పట్టీలతో బిగించండి.

ఫ్రిస్కో_చందు | శనివారం మధ్యాహ్నం 2:10

విగ్రహం క్షేమంగా వచ్చేసింది! 38 మైళ్ళు, కుడి లేన్‌లోనే. దారిలో మూడుసార్లు ఆగి లైట్లు చూశాను, ఒకసారి అవసరం లేకపోయినా. వెనక కారులో వచ్చిన మా ఫ్రెండ్, ఎగ్జిట్ దగ్గర బ్రేకూ ఇండికేటరూ రెండూ స్పష్టంగా కనబడ్డాయన్నాడు.

మావయ్య గారికి, వైర్‌మ్యాన్ అన్నకి, అందరికీ తలో ఉండ్రాయి పార్సిల్ 🙏 ఆ రిలేల సెట్టు చవితి అయ్యాక నిదానంగా కడతాను, ఊరికే, చేతి దురదకి.

షార్ట్‌కట్_సీను | శనివారం రాత్రి 11:25

ఒక మాట ఒప్పుకోవాలి. ఇందాక మా బామ్మర్దిని ట్రైలర్ వెనక నిలబెట్టాను. బ్రేక్ నొక్కి కుడి ఇండికేటర్ వేశాను. "వేశావా?" అన్నాడు. వేశాను అన్నాను. "వెయ్యి మరి" అన్నాడు. అలా నాలుగుసార్లు.

కన్వర్టర్ ఆర్డర్ పెట్టాను. సోమవారం వస్తుంది.

గ్యారేజీ_మావయ్య | శనివారం రాత్రి 11:40

ఫ్యూజు బ్యాటరీ దగ్గర.